మెత్తబడ్డ మాస్టారు

ఇంట్లో అడుగుపెడుతూనే మా ఆయన, కుర్చీలో ఉన్న అమ్మాయి ముందు నేల మీద చతికిలబడి, "ఇవాళ బడిలో ఎలా గడిచిందమ్మా?" అని అడిగారు. ఆ మెత్తని గొంతు వినగానే నేనూ అమ్మాయీ ముఖముఖాలు చూసుకున్నాం.

ఆయన లెక్కల మాస్టారు. ఉపాధ్యాయుల శిక్షణకి వెళ్లొచ్చినప్పుడల్లా రెండు రోజుల పాటు ఇంట్లో అరుపులుండవు. పిల్లల ఎదురుగా కూర్చుని, తిట్టకుండా, ఎక్కడ అర్థం కాలేదో అడగాలని అక్కడ చెప్తారట. మూడో రోజుకి మళ్లీ ఇల్లు అదిరిపోతుంది. అందుకే చెడ్డ కబుర్లన్నీ ఆ రెండు రోజుల కోసం దాచిపెట్టుకుంటాం.

"నాన్నా, లెక్కల్లో ఫెయిలయ్యాను," అంది అమ్మాయి.

"పోనీలేమ్మా," అన్నారు.

సందు దొరికింది కదా అని నేనూ దూరాను. "స్కూటర్ గోడకి గుద్దేశానండీ. హెడ్‌లైటు పగిలింది."

"నీకేం దెబ్బ తగల్లేదు కదా?"

ఇంత మెత్తగా ఉంటారని ముందే తెలిస్తే వెనక లైటు కూడా పగలగొట్టేదాన్ని. "ఈసారి శిక్షణ బాగా ఒంటబట్టినట్టుందే!" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "ఈసారి ఆఖర్న మాకు పరీక్ష పెట్టారు. అందరూ పాసయ్యారు. నేనొక్కణ్నే తప్పాను."

నవ్వు నా గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఏటా సగం క్లాసుని ఫెయిల్ చేసే ఆ చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

అమ్మాయి కుర్చీ దిగి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఎక్కడ అర్థం కాలేదో చెప్పు నాన్నా. తిట్టనులే."

"నిజంగానా?"

"ఆఁ. రెండు రోజుల దాకా."