ఒంటికి పడని బంగారం

మిర్యాలగూడలో మిల్లు యజమాని వెంకటనారాయణ ఇంట్లో, సోఫా అంచున కూర్చుని చరణ్ ఆరోగ్య పాఠాలు చెబుతున్నాడు. సూర్యాపేటలో ట్రావెల్స్ నడిపే ఆ పెద్దమనిషికి తన ప్రయాణికుల ఒంటి మీదున్న శ్రద్ధ చూస్తే ఏ డాక్టరైనా సిగ్గుపడాలి.

"అండమాన్ల దోమలతోని జర పైలం అక్కా. పొద్దూకితే నిండు చేతుల బట్టలే తొడగాలె. సీలున్న బాటిల్ నీళ్లే తాగాలె." గొంతు తగ్గించి అసలు మందు వేశాడు. "ఇగ బంగారం మాత్రం వద్దు. ఆ ఉప్పుగాలికి, చెమటకు ఒళ్లంత దద్దుర్లు లేస్తయి."

వెంకటనారాయణ భార్య శ్యామల చెయ్యి మెడలోని ఐదు పేటల హారం మీదికి వెళ్లింది. "నిజంగనా?"

"మా సరితను అడుగుండ్రి. ఆమెకు బంగారం పడనే పడదు."

పక్కనే దోమల క్రీములు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సర్దుతున్న అతని భార్య సరిత బుద్ధిగా తలూపింది. ఆఫీసు తెరవడానికి ఆమె గొలుసు అమ్మేసిన రోజున చరణ్ కనిపెట్టిన జబ్బు అది. అప్పటినుంచి మెడలో పసుపుతాడే. పాపం, ఆరోగ్యంగానే ఉంది.

తిరుగుదారిలో కారులో సరిత అడిగింది. "నిజంగనే దద్దుర్లు లేస్తయా?"

"పిచ్చిదానా! బంగారంతోని ఎవలకన్న దద్దుర్లు లేస్తయా? నగలు ఇంట్ల ఇడిసిపోతెనే గద మనకు పని!" జేబులోంచి సబ్బుబిళ్ల తీసి చూపించాడు. దాని మీద ఆ ఇంటి పెరటి తలుపు తాళంచెవి అచ్చు. "నోరు మూసుకొని ఉండు, నీకు గూడ ఒక గొలుసు చేపిస్త."

ఆ ఔదార్యానికి సరిత మురిసిపోయి నవ్వింది.

వెంకటనారాయణ దంపతులు విమానం ఎక్కారు. అదే రోజు సరిత, ఒంట్లో నలతగా ఉందంటూ కోదాడలోని అమ్మగారింటికి వెళ్లింది. దేవుడు ఇన్ని విధాల సాయపడుతుంటే ఆలస్యం చేయడం పాపమనిపించింది చరణ్‌కు. మర్నాడు మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తుండగా పెరటి తలుపు తీశాడు.

బీరువాలో పట్టుచీరలున్నాయి. కలరా ఉండలున్నాయి. బంగారం లేదు. దేవుడి గదిలో, బియ్యం డ్రమ్ములో కూడా లేదు.

ఫోన్ మోగింది. శ్యామల!

"చరణ్ బాబూ, నువ్వు చెప్పినట్టే చేస్తున్నం. ఒక్క దోమ గూడ కుట్టలే. సరిత ఫోన్ ఎత్తుతలేదు గని, నగలు పైలంగున్నయి గద?"

"ఏ నగలక్కా?"

"అయ్యో! నిన్న పొద్దున మీ ఆఫీసు లాకర్ల పెడతనని తీసుకపాయె గద! ఖాళీ ఇంట్ల ఉంటే దొంగలు పడ్తరని తనే చెప్పింది. ఎంత ముందుచూపో! మా ఆయన అడిగితే నీ ముద్ర కొట్టిన రసీదు గూడ ఇచ్చింది."

చరణ్ ఆఫీసులో లాకర్ లేదు. ముద్ర మాత్రం ఉంది. పోలీసులకు చెబుదామంటే తాను నిలబడింది ఎవరింట్లో?

సరితకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. కాసేపటికి ఒక ఫోటో వచ్చింది.

కోదాడలో సముద్రం లేదు. ఫోటోలో ఉంది. ఏ దీవో గానీ, అండమాన్ మాత్రం కాదు. సరిత అంత అమాయకురాలు కాదు. కొబ్బరిచెట్టు పక్కన నిండు చేతుల జాకెట్టు తొడుక్కుని, సీలున్న బాటిల్ పట్టుకుని నవ్వుతోంది. మెడలో ఐదు పేటల హారం ధగధగలాడుతోంది. కింద రెండు ముక్కలు రాసింది:

"పొద్దటిసంది ఉప్పుగాలిలనే కూసున్న. సూడు, ఒక్క దద్దురు గూడ లేవలే."