లిఫ్టాయన చేసిన ఆట

"దూకు వదినా, ఇప్పుడు దూకు!"

"దూకానయ్యా! వాడే పడ్డాడు!"

తెర మీద సంచి మనిషి గొయ్యిలోకి జారి, గిరగిరా తిరిగి మాయమయ్యాడు. వదిన ఆట ఆడే మీటల పలకను ఒళ్లో పడేసి, వాచిన బొటనవేలిని నోట్లో పెట్టుకుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఏడు నెలల క్రితం వరకు ఆ పలకను దుమ్ము దులపడానికి తప్ప ముట్టుకోలేదు. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే పొయ్యి కూడా వెలిగించకుండా దాని ముందే కూర్చుంటోంది.

మరిది గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమని ఆవిడ అనదు, అడిగే ధైర్యం అతనికి లేదు.

సంచి మనిషి ఆట లేని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. భుజాన సంచి వేసుకున్న బుల్లి మనిషి ఇటుకల మీద గెంతుకుంటూ పోతాడు, అంతే. అంతమాత్రానికే ఆ కాలం పిల్లలు జుట్టు నెరిసినా దాన్ని వదల్లేదు. వదిన భర్త అయితే మరీనూ. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది, లిఫ్టాయన అంటే అందరికీ తెలుసు. పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కంప్యూటరు ముందు కూలబడేవాడు. ఆ పాత ఆటలోని మనిషినీ, వాడి గెంతునూ ఉంచి, మిగతాదంతా పదకొండేళ్లపాటు తనే కొత్తగా అల్లాడు. ఏడు అంతస్తులు, అంతస్తుకు పది గదులు. ఎక్కడెక్కడి అభిమానులో దాని కోసం కాచుకుని కూర్చున్నారు.

అది అందరి చేతికీ ఇచ్చిన రోజున భార్యతో ఒక్క మాట అన్నాడు. "చివరి గది దాటితే నా మనసులో మాట ఉంటుంది. నువ్వు ఆడవులే."

వారం తిరక్కుండా, పనిలో ఉండగా, ఏడో అంతస్తు నుంచి లిఫ్టు గొయ్యిలో పడి చనిపోయాడు.

ఆ మాట కోసమే పాపం ఈవిడ తంటాలన్నీ.

"నాలుగో అంతస్తే నయం," అంది వేలు ఊదుకుంటూ. "మన వంటిల్లే దింపేశారు, చూశావా? గరిటె పుచ్చుకుని తరుముతుందే లావుపాటి రాక్షసి, అరిస్తే నోట్లోంచి మంటలు! నన్నే చేశారు, దొంగమనిషి. ఆ కొప్పు నాదే."

"అక్కడ బీరువా కింద దూరితేనే వాడు బతుకుతాడు వదినా."

"అదీ మీ అన్నయ్యే! నేను నోరు తెరిస్తే చాలు, మూల వెతుక్కునేవారు." ఫక్కున నవ్వి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఎంత ప్రేమ లేకపోతే పదకొండేళ్లు నన్నే తలుచుకుంటూ చేస్తారు!"

గది దాటిన ప్రతిసారీ తెర మీద 'ఇంకా ఉంది' అని పడేది. అరవై తొమ్మిదిసార్లు చదివింది. మిగిలింది డెబ్భయ్యో గది. నోరు తెరుచుకున్న లిఫ్టు గొయ్యి, దానికి అడ్డంగా గొలుసు, అవతల తలుపు. నలభై రోజులుగా గొలుసు మీంచి దూకడం, గొయ్యిలో పడటం, ఇదే పని.

"ఆ గొయ్యి వెడల్పు కొలత తప్పిందని అభిమానులంతా అంటున్నారు వదినా. ఎవరూ దాటలేదట."

"మీ అన్నయ్యకి కొలత తప్పడమా? ఇరవై రెండేళ్లలో ఒక్కనాడు కాలు జారిందా ఆయనకి? ఆ రోజు నువ్వు గొలుసు వేసి ఉంటే అప్పుడూ జారేది కాదు."

మరిది తల దించుకున్నాడు. అన్న వెంటే అదే పనిలో ఉండేవాడు. తలుపు తెరిచిన గొయ్యికి గొలుసు వేయడం అతని వంతు.

"వేశాను వదినా. నా చేత్తో కొక్కెం తగిలించే పనిముట్ల కోసం కిందికి దిగాను."

"వేసిన గొలుసు దానంతటది వెళ్లి గోడ మేకుకి వేలాడిందా? ఎంత పొందిగ్గా ఉందో అందరూ చూశారు! వేయలేదని ఒప్పుకో. ఒక్కసారి ఒప్పుకుని ఏడు."

"వేశాను."

"ఛీ, నీది కూడా ఒక నోరేనా!"

ఏడు నెలలుగా ఇదే వరస. అతని ఉద్యోగం ఊడింది. కన్నతల్లి అతని చేతి మంచినీళ్లు తాగడం మానేసింది. ఆట నేర్పమని వదిన కబురంపితే, ఇలాగైనా కరుగుతుందేమోనని వచ్చాడు. వారం వారం అదే ప్రశ్న. ఈ మధ్య అతనికే అనుమానం మొదలైంది. కొక్కెం నిజంగా తగిలించాడా? తగిలించినట్టు అనుకున్నాడా?

"వేయలేదు," అన్నాడు ఉన్నట్టుండి.

"ఏమిటీ?"

"గొలుసు వేయలేదు వదినా. మరిచిపోయాను. అన్నయ్యని నేనే చంపుకున్నాను. చాలా?"

వదిన తెర మీంచి చూపు అతని వైపు తిప్పింది. తర్వాత మెల్లగా అంది. "నీ పెళ్లానికీ చెప్పు ఈ మాట. నీ పిల్లలకీ చెప్పు, వాళ్ల నాన్న ఎలాంటివాడో. ఇక వెళ్లు. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు."

అతను లేచి చెప్పుల కోసం వంగాడు. ఆవిడ రెండు చేతులతో పలకను పిసికేసింది. వాచిన వేలు జారి కింది మీట మీద పడింది. సంచి మనిషి ఆటలో కింది మీటకు పనే లేదు. చిన్నప్పటి నుంచి ఆడినవాళ్లెవరికీ దాన్ని నొక్కాలని తోచను కూడా తోచదు.

బుల్లి మనిషి వంగాడు. గొలుసు కొక్కెం విప్పాడు. పట్టుకెళ్లి గోడ మేకుకి పొందిగ్గా తగిలించాడు. భుజం మీది సంచి దించి పక్కన పెట్టాడు. తిరిగొచ్చి, గెంతకుండా, గొయ్యిలోకి ఒక్క అడుగు వేశాడు.

ఈసారి గిరగిరా తిరగలేదు. ఆట వెంట మోగే పాట ఆగిపోయింది.

తెర మీద 'హమ్మయ్య' అని పడింది.