బంతుల గది

"తలుపు తియ్యండయ్యా! చంపేస్తారు!"

రెబ్కా మిషన్ స్కూల్లో బంతుల గది తలుపు బాదింది. పక్కన మొగుడు ఇమ్మానియేలు రొప్పుతున్నాడు.

పొద్దున మిరప చేలో ఆసామి కొడుకు రెబ్కా మీద కర్ర ఎత్తాడు. ఇమ్మానియేలు ఆ కర్ర పట్టుకున్నాడు. అంతే. ట్రాక్టరు నిండా మనుషులు పల్లె మీదికొచ్చారు.

తలుపు తీసింది సైమన్ దొర. పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడానికి హాలండు నుంచి వచ్చిన ముసలాయన.

ఈయనా, అనుకుంది రెబ్కా. జీపు హారన్ మోగినా ఉలిక్కిపడే మనిషి! నోరు తెరిస్తే వాళ్ల ఊరి క్లబ్ గొడవే. ఓడరేవు కూలీలు పెట్టుకున్న క్లబ్బట, నీలం తెలుపు చారల చొక్కా అట. ఈయనేం కాపాడతాడు?

"లోపలికి రండి," అన్నాడాయన. గోలు వలల గుట్ట కిందికి ఇద్దరినీ తోశాడు. "దగ్గు వస్తే కొంగు కొరుకమ్మా. భయమేస్తే మీవాళ్ల పేర్లు మనసులో చెప్పుకో."

బయట ట్రాక్టరు ఆగింది.

"ఏమయ్యా దొరా, ఆ ఇమ్మానియేలుగాడు ఇటొచ్చాడా?"

"రాలేదు."

"గది చూడాలి."

"చూడండి," అంటూ ఆయనే తలుపు బార్లా తెరిచాడు.

అమ్మేశాడు! రెబ్కా వలల కింద ఇంకా ముడుచుకుంది. చీరకంటిన మిరప ఘాటుకు గొంతు మండుతోంది. కొంగు కొరికింది. వల సందుల్లోంచి ఆయన కాళ్లు కనిపించాయి. గజగజ వణుకుతున్నాయి.

గొంతు మాత్రం వణకలేదు. "ఇది మా క్లబ్ బంతి. మా క్లబ్ ఎలా పుట్టిందంటే..."

"ఒరేయ్ పదండ్రా! ఈయన పురాణం మొదలెడితే తెమలదు."

ట్రాక్టరు చప్పుడు దూరమయ్యాక రెబ్కా విరుచుకుపడింది. "తలుపు మీరే తీస్తారా? మా ప్రాణాలంటే మీకు ఆటా?"

"మూసిన తలుపునే పగలగొడతారమ్మా," అన్నాడాయన మెల్లగా.

ఆ సాయంత్రమే మిషన్ జీపులో ఇద్దరినీ గుంటూరు పంపించాడు. కోపం దిగని రెబ్కా ఆయన వైపు చూడకుండానే బండెక్కింది.

బ్రాడీపేటలో ఒక డాక్టరు దగ్గర ఆయాగా కుదురుకున్నాక, కోపం పోయి సిగ్గు మిగిలింది. దణ్ణం పెట్టి వద్దామని కొన్నేళ్లకు మిషన్ స్కూలుకు వచ్చింది.

ఆయన్ని పోయిన వానాకాలంలోనే పూడ్చిపెట్టారట.

సమాధి దగ్గర ఎవరో తెల్లాయన టోపీ తీసి నిలబడి ఉన్నాడు. ఆ క్లబ్ తరఫున పూలు పెట్టడానికి అంత దూరం నుంచి వచ్చాడు.

"ఈయన క్లబ్‌లో ఏం చేసేవాడండీ?" అని రెబ్కా పాస్టరు గారి చేత అడిగించింది.

తెల్లాయన చెప్పింది విని పాస్టరు గారు రెబ్కా వైపు తిరిగారు.

"యుద్ధంలో జర్మన్లు యూదుల్ని వెతికి చంపుతుంటే, ఆ క్లబ్ వాళ్లు మైదానంలో జనం కూర్చునే మెట్ల కింద దాచి బతికించుకున్న యూదుల పిల్లాడమ్మా, ఈయన."