గొర్రె దొరికిందా?

"ప్రార్థన చాలు మంగన్నా. కథ చెప్పు," అన్నది పోశక్క.

గత్తర రోగానికి, ఆ కలరాకు, సిరొంచ ఊరు సగం ఖాళీ అయింది. ఆమె ఆరేండ్ల బిడ్డ ముత్తికి తెల్లారిన కాడి నుంచి వాంతులు.

"కథనా? ఇప్పుడా?"

"అది ఊ కొట్టినంతసేపు నా బిడ్డ నాకున్నట్టే. అంగట్ల అడగకున్నా చెప్తవు గద, జర చెప్పు!"

క్రీస్తును నమ్ముకొని, అంగట్ల ఆయన కథలు చెప్పుకుంట తిరిగే మంగయ్యను ఇన్నేండ్లల్ల కథ చెప్పుమని ఎవ్వరూ అడగలేదు.

"నూరు గొర్రెలల్ల ఒకటి తప్పిపోయింది."

"ఊ," అన్నది ముత్తి.

"గొల్లాయన తొంభై తొమ్మిదింటిని విడిచిపెట్టి, దాని కోసం అడివిల పడ్డడు."

"ఊ..."

"కాళ్లకు ముండ్లు గుచ్చినయి. పొద్దు గూకింది. అయినా పిలుసుకుంట పోతనే ఉన్నడు."

ముత్తి ఊ కొట్టలేదు. మంగయ్య పిల్ల ముక్కు కాడ వేలు పెట్టి చూసిండు. కథ ఆపిండు.

పోశక్క బిడ్డను ఒళ్లెకు తీసుకున్నది. "ఆపకు. గొర్రె దొరికిందా?"

వందసార్లు చెప్పిన కథనే. దొరికిందని చెప్పాలంటే ఇంత భయమైతదని అతనికి ఇప్పుడే తెలిసింది.

"దొరికింది చెల్లె. భుజాల మీద ఎత్తుకున్నడు."

"ఊ," అన్నది పోశక్క.