రేవుకి అడ్డం

ఉదయం ఐదున్నరకే పడవల రేవు దగ్గర పదకొండు బండ్లు ఆగిపోయాయి.

ప్రతి బండి వెనకా ట్రైలర్ మీద ఒక పడవ. అన్నిటికంటే ముందున్న ట్రైలర్ కింద ఒక పెద్దావిడ దూరి, ఇనుపకడ్డీల సందుల్లో వేళ్లు పెట్టి వెతుకుతోంది.

"ఇంకెంతసేపండీ?" ఆరిన్ లెవిట్ విసుగ్గా బండి దిగి వచ్చాడు.

టాల్‌బట్ సరస్సు ట్రౌట్ చేపల క్లబ్బుకి ఆయన ప్రెసిడెంటు. ఆరింటికల్లా చేపల పోటీ మొదలుపెట్టాల్సిందీ ఆయనే.

"అయిపోవచ్చింది నాయనా," అని ఆవిడ పడవ యజమాని వైపు తిరిగింది. "ఇది కిందటిసారి ఏ నీళ్లలో దిగింది?"

"మా వంటింటి సింకులో," అన్నాడు డ్వైట్.

వెనకున్నవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"అడుగు బిరడా తీసి లోపలి నీళ్లు వంపెయ్. రేవులో కాదు, అదిగో, ఆ గడ్డి మీద."

"పెళ్లయి ముప్పై ఏళ్లయింది, మా ఆవిడ కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు," అని గొణుక్కుంటూ డ్వైట్ బిరడా తీశాడు.

ఆవిడ పేరు వెర్నా. ఊరు కొండ అవతల సేబిన్ చెరువు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. సరస్సు మీద మంచు కరిగిన వారానికే వచ్చింది. శనాదివారాలు తెల్లవారుజామునే రేవులో కుర్చీ వేసుకుంటుంది. రమ్మన్నవాళ్లు లేరు. పొమ్మంటే పోదు.

"మీ దగ్గర టౌన్ ఆఫీసు కాగితం ఏమైనా ఉందా?" అడిగాడు ఆరిన్.

"లేదు."

"స్టేటు వాళ్ల బ్యాడ్జీ?"

"అదీ లేదు."

"మరి ఏ హక్కుతో మమ్మల్ని ఆపుతున్నారు?"

"హక్కేం లేదు. అడుగుతున్నానంతే. నీటి కలుపు చిటికెనవేలంత ముక్క ఊడిపడితే చాలు, వేరు కూడా అక్కర్లేదు. ట్రౌట్లు గుడ్లు పెట్టే గులకరాళ్లన్నీ కప్పేస్తుంది."

ఆరిన్‌కి ఒళ్లు మండింది.

"గులకరాళ్ల గురించి మాకా చెబుతున్నారు? ఏటా మే నెలలో ఒడ్డంతా చెత్త ఏరేది మేము. చేపపిల్లల్ని బకెట్లతో మోసి వదిలేది మేము. మా తాతల నాటి సరస్సండీ ఇది."

"అందుకే అడుగుతున్నా. నీ పడవ కిందటిసారి ఎక్కడ దిగింది?"

ఆరిన్ గడియారం చూసుకున్నాడు.

గురువారం తమ్ముడితో కలిసి ఇదే పడవ వేసుకుని పక్క జిల్లా చెరువుకి వెళ్లాడు. ఆ మాట నోరు జారితే ఈవిడ ఇక్కడే పడవ కడిగించి, నాలుగు రోజులు ఎండబెట్టమంటుంది. ప్రెసిడెంటు లేకుండా పోటీ ఏమిటి?

జేబులోంచి ఫోను తీశాడు.

పది నిమిషాల్లో టౌన్ పోలీసు వచ్చి, ఇబ్బందిగా టోపీ సర్దుకున్నాడు.

"అమ్మా, దారికి అడ్డంగా ఉన్నారని ఫిర్యాదు వచ్చింది. ఇక మీరు ఇక్కడ కూర్చోవడానికి వీల్లేదు."

"సరే బాబూ. వెళ్లేముందు ఈయన పడవ ఒక్కటి చూడనివ్వు."

"నాదే ఎందుకు?" అన్నాడు ఆరిన్.

"అడిగితే జవాబు రానిది అదొక్కటే."

"ఏం అక్కర్లేదు. దయచేయండి."

ఆవిడ ఇంకో మాట అనకుండా కుర్చీ మడిచి వెళ్లిపోయింది. వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

పోటీ బ్రహ్మాండంగా జరిగింది. పీడ వదిలిందనుకున్నారంతా.

మరుసటి ఏడు జూలైలో, సరస్సు మధ్యకి కూడా వెళ్లకముందే ఆరిన్ పడవ మోటారు ఆగిపోయింది. ఎత్తి చూస్తే రెక్కలకి ఈకల్లాంటి పచ్చటి తీగ బారెడు పొడవున చుట్టుకుని ఉంది.

నీటి కలుపు చూడటానికి స్టేటు నుంచి వచ్చిన అమ్మాయి దాన్ని తుంచి చూసి తల అడ్డంగా ఊపింది.

"రేవు దగ్గరే మొదలైందండీ. ఏదో పడవతో వచ్చింది. ఇక ఏటేటా పీక్కుంటూ ఉండటమే. పూర్తిగా పోవడమంటూ ఉండదు. దూరంగా ఉన్న రెండు మూలలకి ఇంకా పాకలేదు, వాటినైనా కాపాడుకోండి."

ఆదివారం క్లబ్బు సమావేశం పెట్టారు.

"బయటి నీళ్లలో దిగి, అట్నుంచటే ఇక్కడికి పడవ తోలుకొచ్చిన మహానుభావుడెవడు?" డ్వైట్ బల్ల మీద కొట్టి అడిగాడు.

అందరితోపాటు ఆరిన్ కూడా కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ పెద్దావిడ ఉండుంటే ఇంతదాకా వచ్చేది కాదు," అన్నారొకరు. "ఉత్తపుణ్యానికి తరిమేశాం."

"తరిమింది మనం కాదు. ఫోను చేసింది ప్రెసిడెంటుగారు."

మర్నాడు ఆరిన్ కొండ దాటి వెళ్లాడు. కాళ్లావేళ్లా పడైనా వెర్నాని మళ్లీ రేవుకి తీసుకురావాలి. మిగిలిన ఆ రెండు మూలలైనా దక్కాలి.

సేబిన్ చెరువు కనబడగానే బండి దానంతట అదే నెమ్మదించినట్టయింది.

ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పచ్చటి చాప పరిచినట్టుంది. రేవులో ఒక్క పడవా లేదు. మూసేసిన ఎరల కొట్టు ముందు ఒక ముసలాయన కట్టెలు పేరుస్తున్నాడు.

"వెర్నా గారి కోసం వచ్చానండీ."

"ఆలస్యమైంది. కిందటేడే ఇల్లు ఖాళీ చేసింది. ట్రౌట్లు మిగిలిన చెరువు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. ఏదో ఊళ్లో పోలీసుని పిలిచి మరీ పంపేశారట. ఆ తర్వాత ఎటు పోయిందో మాకూ తెలీదు."

ఆరిన్ చెరువు వైపు చూస్తూనే అడిగాడు.

"ఆవిడకెందుకండీ ఇంత తాపత్రయం?"

ముసలాయన చేతిలోని కట్టె కింద పెట్టాడు.

"పంతొమ్మిదేళ్లు మా క్లబ్బుకి ప్రెసిడెంటు. ఈ కలుపు ఎవరి పడవతో వచ్చిందని మీటింగులో అడిగితే మేమంతా నేలచూపులు చూస్తున్నాం, ఆవిడొక్కతే లేచి నిలబడి 'నా పడవతోనే' అంది."