ఈకగాలం

“లాగు మామా, లాగు!” ఆదినారాయణ మోకాటిలోతు పెన్నలోకి దూకాడు.

పక్కింటి మౌలాలి చేతిలో గాలపు కట్టె విల్లులా వంగింది. కోడి ఈక కట్టిన గాలానికి మూరెడు కొర్రమీను చిక్కి కొట్టుకుంటోంది. జమ్మలమడుగు ఆసుపత్రిలో ఆదినారాయణ భార్య నిర్మలమ్మకు కాన్పయి మూడు రోజులైనా పాలు పడలేదు. కొర్రమీను పులుసు తింటే పడతాయని ఊళ్లో ఆడవాళ్లంతా చెప్పారు.

చేప ఒడ్డుకొచ్చింది. మౌలాలి ముఖంలో మాత్రం సంతోషం లేదు.

“మూడు దినాలు కప్పను ఎర పెడితే ముట్టలేదు. ఉత్త ఈకను ఎట్ల పట్టిందప్పా?”

“ఆకలయ్యుంటాది. గంప ఇట్ల తే.”

“ఆకలి కాదు. ఆడ చూడు.”

చేప లేచిన చోట నీళ్లు ఎర్రగా కదులుతున్నాయి. గోరంత ఎర్రటి చేపపిల్లలు, వందల్లో, దిక్కు తెలియక సుళ్లు తిరుగుతున్నాయి.

“ఈక పిల్లల మీద వాలిందని కరిచిందప్పా ఇది. తినేదానికి కాదు. చేప నీది, ఏం చేద్దామో నువ్వే చెప్పు.”

ఆదినారాయణ సుళ్లు తిరిగే పిల్లల వైపు చూశాడు. పొద్దున ఆసుపత్రిలో నర్సు బిడ్డను ఎత్తుకోబోతే, లేచి కూర్చోవడానికి కూడా ఓపిక లేని నిర్మలమ్మ ఆమె మణికట్టును గోళ్లు దిగేలా పట్టుకుంది.

“నీళ్లలోకి దించి గాలం తియ్యి మామా,” అన్నాడు. “మెల్లిగా. నోరు చీలుతాది.”