నిర్దేశిత స్థానం

పిల్లికూనకు సూర్యప్రకాశ్ గారు ఆదివారం దాకా గడువిచ్చారు. ఆలోపు అది తన పని ఇసుక తట్టలోనే కానివ్వడం నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే గోనెసంచిలో జుగ్సలాయి బియ్యం గోడౌనుకు ప్రయాణం. అక్కడి పందికొక్కులు దానికంటే పెద్దవి.

"పసిదండీ అది" అంది రాజ్యలక్ష్మి.

"ట్రైనీ అయినంత మాత్రాన ప్రమాణం మారదు, రాజ్యం."

ఆయన కర్మాగారంలో నాణ్యతా విభాగాన్ని ఏలి, విదేశీ తనిఖీదారుల చేత ధ్రువపత్రం ఇప్పించి, తొంభై ఎనిమిది జూన్‌లో రిటైరయ్యారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురమున్న కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, భాలుబాసాలో కొన్న ఫ్లాటులోకి వచ్చి రెండు నెలలు కావస్తోంది. ఈలోపే ఫ్లాటులో పందొమ్మిది లోపాలు గుర్తించి బిల్డరుకు లేఖ రాశారు. క్వార్టరులో ఎడమవైపున్నవన్నీ ఇక్కడ కుడివైపు ఉండటం వాటిలో ఏడోది. బిల్డరు జవాబివ్వలేదు. అలా తప్పించుకునే సౌకర్యం పిల్లికి లేదు.

పిల్లుల పొడ గిట్టని రాజ్యలక్ష్మి మూడు వారాల క్రితం ఉన్నట్టుండి పనిమనిషి అసిరమ్మ చేత భుయ్యాడీహ్ బస్తీ నుంచి ఆ కూనను తెప్పించింది. ఒంటరితనం, ఈ వయసు ఆడవాళ్ళకు సహజమేనని ఆయన నిర్ధారించారు. ఇనుప తట్ట తెచ్చారు. సువర్ణరేఖ నది ఇసుకను జల్లెడ పట్టి నింపారు. గోడకు పట్టిక అంటించి రెండు గళ్ళు గీశారు: నిర్దేశిత స్థానం, అనిర్దేశిత స్థానం.

"ఏటి బాబూ, బిల్లీకి హాజిరీ పట్టీయా?" అని నోరు నొక్కుకుంది అసిరమ్మ.

పగటిపూట పిల్లి నడవడి నిర్దోషం. తట్టలోకే వెళ్ళేది, ఇసుక కప్పేది. తెల్లారేసరికి మాత్రం చెప్పుల స్టాండు పక్క మూల తడిసి ఉండేది.

"పగలొక నీతి, చీకట్లో ఒక నీతి" అన్నారు ఆయన.

శాస్త్రీయంగా ముందుకు సాగారు. ఇసుక రేణువు పరిమాణం మార్చారు. మూలలో కలరా ఉండలు చల్లారు. సాయంత్రం పాలు తగ్గించారు. ఫలితం లేదు. ఒక రాత్రి నిద్ర మానుకొని హాల్లో కుర్చీ వేసుకు కూర్చున్నారు. తెల్లారింది. మూల పొడిగా ఉంది. మర్నాడు మంచం మీద పడుకున్నారు. మూల తడిసింది.

"చూశావా! పై అధికారి ఎదురుగా ఉంటేనే క్రమశిక్షణ. మన వర్కర్ల బుద్ధే."

"పోనీ, రాత్రంతా హాల్లో లైటు ఉంచుదామండీ" అంది రాజ్యలక్ష్మి.

"పిల్లులకు చీకట్లో కనిపిస్తుంది. ఆ మాత్రం జంతుశాస్త్రం తెలియకపోతే ఎలా?" అంటూ ఆయన లైటు ఆర్పేశారు. తర్వాత కూనను ఒళ్ళోకి తీసుకొని బోధించారు. "క్వార్టరులో కరెంటు పోయినా నేనెప్పుడూ గోడ తడుముకోలేదు. ఎటు తిరగాలో కాళ్ళకే తెలియాలి. అలవాటంటే అదీ!"

ఒకనాడు అసిరమ్మ తడిగుడ్డ పిండుతూ ఆగిపోయింది. "బాప్ రే! ఇంత పిల్లిగుంటకి ఇన్ని నీల్లేటమ్మా? పాలు తాగతందా, సెరువు తాగతందా?"

రాజ్యలక్ష్మి గుడ్డ లాక్కుంది. "నేను తుడుచుకుంటాలే. నువ్వు గిన్నెలు చూడు."

"దిట్టి తగిలినాదేమో బాబూ. ఓ నిమ్మకాయి కట్టీమంటారేటి?"

సూర్యప్రకాశ్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "కారణం లేని కార్యం ఉండదు, అసిరమ్మా. ఇంట్లో ఉన్న కారణాన్ని వదిలేసి నిమ్మకాయ దాకా పోయేవాళ్ళనే మూఢులంటారు."

ఆదివారం వచ్చింది. ఆయన పట్టిక ముందు నిలబడి నివేదిక చదివారు. ఇరవై ఒక్క రోజులు. ఒక్క రోజు మినహా ప్రతి వేకువా అతిక్రమణే. ఆయన చదువుతుండగానే కూన తట్టలోకి దిగి, పని ముగించి, నాలుగు వైపుల నుంచీ ఇసుక లాగి శ్రద్ధగా పూడ్చింది.

"నటన! తనిఖీ రోజున అందరూ ఇలాగే చేస్తారు."

"ఇంకొక్క వారం ఉంచండి. మీకు దండం పెడతాను."

"దానిమీద అంత మమకారం ఏమిటి నీకు?"

"మీకోసమేనండీ చెబుతున్నది."

ఆయన ఫక్కున నవ్వారు. "నాకు పిల్లితో ఏం పని?"

కూనను ఆయనే స్వయంగా సంచిలో వేసి, మూతి కట్టి అసిరమ్మ చేతికిచ్చారు. పట్టిక కింద 'శిక్షణకు అనర్హం' అని రాసి, సంతకం చేసి, తేదీ వేశారు.

రాజ్యలక్ష్మి మెట్లదాకా పరుగెత్తింది. "అసిరమ్మా! ఇలాంటిదే ఇంకో కూన ఉందా?"

"నల్లది ఉన్నాదమ్మా. దీన్ని గోడౌన్ల ఒగ్గనులే, నా కాడే ఉంచుతాను. గానీ అది కూడా ఇలాగే మూలంట పాడు సేత్తే?"

"చెయ్యనీ. సాయంత్రానికల్లా తీసుకురా. రేపు తెల్లారేసరికి ఇంట్లో పిల్లి ఉండాలి."

క్వార్టరులో ముప్ఫై ఒక్క ఏళ్ళు వేకువన నాలుగింటికి నిద్రకళ్ళతో లేచి మరుగుదొడ్డికని ఎడమకు తిరిగిన భర్త కాళ్ళు ఫ్లాటులోనూ ఎడమకే తిరిగి చెప్పుల స్టాండు మూలకు చేరుతున్నాయని గమనించి, మూడు వారాలపాటు మూడోకంటికి తెలియకుండా తుడిచాకే రాజ్యలక్ష్మి ఆ మొదటి పిల్లిని తెప్పించింది.